మెటియాబ్రుజ్ అంబులెన్సుకు మామిడి తాండ్ర

ఊరేగింపు రెండుగా చీలి మా అంబులెన్సుకు దారి ఇచ్చింది. ఎర్రజెండాలు పట్టుకున్న మనుషులు అటూ ఇటూ జరిగారు. ముందు సీట్లోంచి డ్రైవరు సహాయకుడు బాదల్ సగం బయటికి వేలాడుతూ "రాస్తా ఛాడున్ దాదా, రుగీ ఆఛే!" అని అరుస్తున్నాడు. లోపల రోగిని నేనే. దెబ్బతిన్న కార్యకర్తను తీసుకుపోతున్నారనుకున్నారు కాబోలు, కొందరు పిడికిళ్లెత్తి "లాల్ సలాం" అన్నారు. అంతిమయాత్ర అప్పుడే మొదలైందేమిటని నాకు అనుమానం వచ్చింది.

అది పోయిన చలికాలం మాట. రేవులో పనిచేసే శ్రీకాకుళం కుటుంబాల మీద వ్యాసం రాద్దామని విశాఖపట్నం నుంచి కలకత్తా వెళ్లాను. రేవు పక్కనున్న మెటియాబ్రుజ్‌లో కుట్టుమిషన్ల సందులో నడుస్తుంటే ఛాతీ బిగిసింది. గ్యాసనుకుని సోడా తాగాను. సీసా ఖాళీ కాకముందే కూలబడ్డాను.

ఆ ఊళ్లో పేటపేటకో క్లబ్బు ఉంటుంది. క్యారమ్స్ ఆడేదీ, దుర్గాపూజ చేసేదీ, ఫుట్‌బాల్ గురించి కొట్టుకునేదీ అక్కడే. చందాలతో కొన్న అంబులెన్సును నడిపేదీ ఆ క్లబ్బే. నన్ను తీసుకెళ్లిన బండి డ్రైవరు అప్పన్నది తాతలనాడు టెక్కలి నుంచి వచ్చిన కుటుంబం. అతనికి తోడుండేది బాదల్. కాస్త ఆలస్యమైతే నేను దక్కేవాణ్ణి కానని పెద్దాసుపత్రి డాక్టరు తర్వాత చెప్పాడు. ఆసుపత్రిలో నేను కళ్లు తెరిచేసరికి వాళ్లిద్దరూ వెళ్లిపోయారు.

వాళ్లిద్దరినీ చూసి రావడానికి ఈ ఏడాది మా ఊరి డాక్టరు సరేనన్నాడు. కింది బెర్తు, జేబులో మాత్రలు అనే షరతుల మీద మా ఆవిడా సరేనంది. సంచీ నిండా మామిడి తాండ్ర పెట్టుకుని మధ్యాహ్నం మెయిల్ ఎక్కాను. ఎదుటి బెర్తు హౌరా పక్కనున్న లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసే తెలుగు ఫిట్టరుది. నా కథంతా విని "గుండె బాగుచేసుకుని మళ్లీ కలకత్తాయే ఏటి బాబూ? కాశీ ఎల్లొచ్చు కదా!" అన్నాడు.

తెల్లారాక హౌరాలో దిగాను. గుండెజబ్బు వాళ్లు వంతెన మీద బస్సులో పొగ మింగేకంటే స్టేషను ఎదుటి రేవులో లాంచీ ఎక్కడం మేలు. గాలి తగులుతుంది, కూర్చోవడానికి చోటుంటుంది. నది అవతల బాబూఘాట్‌లో దిగి ఖిదిర్‌పూర్ బస్సు పట్టుకున్నాను. లాడ్జిలో కింది అంతస్తు గది అడిగి తీసుకున్నాను. ఫలహారం తోపుడుబండి దగ్గర రొట్టె, ఆలూ కూర. నూనె తక్కువ వెయ్యమంటే బండివాడు నావైపు జాలిగా చూశాడు. పది గంటలకు ఆటోలో మెటియాబ్రుజ్.

క్లబ్బు ముందు అప్పన్న అంబులెన్సు కడుగుతున్నాడు. యాభై దాటిన మనిషి. పోయినేడు సోడా తాగి పడిపోయినవాణ్ణని చెప్పుకున్నాను.

"ఓర్నాయనో! బతికే ఉన్నారేటి బాబూ!" అని లోపలికి కేకేశాడు. "ఒరే బాదల్, సోడాబాబు! బేంచే ఆఛే!"

బాదల్ వచ్చి, సరుకు సరిచూసుకున్నట్టు నన్ను చుట్టూ తిప్పి చూశాడు.

"దింపీసి ఇంకో కేసుకి ఎల్లిపోతాం. తరవాత ఎవులు బతికినారో, ఎవులు పోనారో మాకు తెలీదు" అన్నాడు అప్పన్న. "తిరిగొచ్చి కనపడినోరు మీరొక్కరే."

నేను దణ్ణం పెట్టబోతే "సాల్లెండి, తాండ్ర తీయండి" అన్నాడు.

కాసేపటికి నీళ్ల బకెట్టు ఎత్తబోయి ఆగిపోయాడు. చెయ్యి ఛాతీ మీదికి పోయింది. చలిగాలిలో నుదుట చెమట. నాకు బాగా తెలిసిన చెమటే.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"గేసు బాబూ."

"గేసంట గేసు!" టీ తెచ్చిన అతని భార్య పైడమ్మ అందుకుంది. "మేడెక్కడానికి రెండుసార్లు కూకుంతన్నాడు. డాకటేరు కాడికి రమ్మంటే ఇనడు."

ఇప్పుడే ఈ బండిలోనే పోదాం పదమన్నాను. అంబులెన్సు వాళ్లకో పట్టింపు ఉంది. రోగి మంచం మీద వాళ్లు పొరపాటున కూడా కూర్చోరు. మరమరాలు తిన్నా బండి బయట నిలబడే తింటారు.

"ఆ మంచం మీద కూకుంతే మనకే పిలుపొస్తాది" అన్నాడు అప్పన్న.

"ముందు సీట్లో కూర్చో."

"మరి బండెవుడు తోలతాడు? ఈడికి సైకిలే సరిగ్గా రాదు."

ఆ తెలుగు అర్థమైపోయిన బాదల్ బెంగాలీలో తిట్టాడు. నవ్వులయ్యాక అప్పన్న అసలు మాట చెప్పాడు.

"నాను ఆసుపత్రి లైన్లో నిలబడితే, ఇక్కడ ఎవుడో మీలాగ పడిపోతే?"

ఆ రోజు అతను ఏ లైన్లోనూ లేకపోబట్టే నేనున్నాను. జవాబు పైడమ్మ చెప్పింది.

"నువ్వే పడిపోతే ఎవుడు తోలతాడు? రేపు ట్రాము మీద లాక్కెల్తాను."

అప్పన్న తాండ్ర నములుతూ తలూపాడు. మర్నాటి నా తిరుగు టికెట్టు రద్దు చేసుకుని ఉంటానంటే ఆమె ఒప్పుకోలేదు. "మీరుంటే కబుర్లతో పొద్దు పుచ్చీస్తాడు, ఎల్లండి."

మర్నాడు మధ్యాహ్నం హౌరాలో బండెక్కాను. కరెంటు కోతలు, బందులు అంటూ ఆ నగరాన్ని తిట్టేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్ల మాటలు అబద్ధం కాదు. ముక్కూ మొహం తెలియని మనిషిని మోసుకుపోవడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు తయారుగా ఉండటమూ అక్కడే చూశాను.

ఖరగ్‌పూర్‌లో బండి ఆగితే ప్లాట్‌ఫారం మీది ఎస్టీడీ బూతు నుంచి క్లబ్బుకు ఫోన్ చేశాను. పైడమ్మే తీసింది. పొద్దున ఇద్దరూ చెప్పులేసుకుంటుండగా కాన్పు కేసు వచ్చిందట. అప్పన్న బండి తీసుకుని పెద్దాసుపత్రికే వెళ్లాడు. ఆ తల్లిని దింపాక తనూ చూపించుకున్నాడో లేదో ఆమెకు తెలియదు. బండి ఇంకా క్లబ్బుకు రాలేదు.