నేను నానబెట్టిన బోనం కుండ

కుండలు పగలగొట్టినవాళ్లు ఊరి నిండా ఉంటారు. కుండను కరిగించిన ఘనత మాత్రం మా హుస్సేనీ ఆలం గల్లీలో నా ఒక్కదానిదే. నవ్వండి, పరవాలేదు. నాకే ఇంకా పూర్తిగా నవ్వు రాదు.

మా పక్క వాటాలో రాజవ్వ ఉండేది. కుండలు చేసీ చేసీ వేళ్లు వంకరపోయి, కుండలు చేసే సారెను ఊళ్లోనే వదిలేసి కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఆ ఏడు మనవరాలు స్వప్న మొదటిసారి బోనం ఎత్తుతోంది. "నా చేతి కుండనే ఎత్తాలె" అని రాజవ్వ పట్టుబట్టి ఊరికి పోయింది. ఆ నొప్పి చేతులతోనే ఒక్క కుండ చేసి, బస్సులో పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

"బిడ్డా, జర చూస్కో. హాస్టల్ నుంచి రైలుకొస్తున్న స్వప్నను తీస్కొనొస్త" అని దాన్ని నాకప్పగించి దబీర్‌పురా స్టేషన్‌కు వెళ్లింది.

చూసుకోమంటే ఊరికే చూస్తూ కూర్చునే రకమా నేను? కొత్త కుండను వాడేముందు నానబెట్టాలని మా అమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. రంగు వెలవెలబోయి కనిపిస్తే, పాపం దాహమేసిందనుకున్నాను. బట్టల టబ్బు నిండా నీళ్లు పోసి ముంచేసి, నా పనితనానికి నేనే మురిసిపోతూ టీవీ ముందు కూర్చున్నాను.

"కుండేది బిడ్డా?" స్వప్నతో తిరిగొచ్చిన రాజవ్వ గుమ్మంలోంచే అడిగింది.

"నానబెట్టిన అవ్వా!"

"ఏందీ?"

"నీళ్లల్ల. మంచిగ నానుతున్నది."

"అయ్యో! అది పచ్చి కుండనే! ఊర్ల ఆవం కూలింది, ఈడ కాల్పిద్దామని తెచ్చిన!"

"కాల్చలేదని నువ్వు చెప్పలే గదా!"

"మన్ను నీళ్లల్ల కరుగుతదని గూడ చెప్పాల్నా?"

ముగ్గురం పరుగెత్తాం. టబ్బులో చిక్కటి బురద తప్ప ఏమీ లేదు. స్వప్న ఫక్కున నవ్వి, అవ్వ మొహం చూసి నోరు మూసుకుంది.

రాజవ్వ నీళ్లలో చెయ్యి పెట్టి మెల్లగా దేవింది. "మెడ మస్తు కుదిరిండె" అంది.

"ఇంకోటి చేద్దాం అవ్వా, నేను సాయం చేస్త."

"ఈ చేతులు ఇంక లేస్తయా బిడ్డా?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె తిట్టినా బాగుండేది.

బోనాల నాడు స్వప్న ఇత్తడి బిందెనే ఎత్తింది. దాని మీద దీపం మాత్రం రాజవ్వ చేతిదే. ఆ బురదనే వడగట్టి, ప్రమిద ఒత్తి కాల్పించింది. గల్లీ ఆడవాళ్లతో పాటు నేనూ స్వప్న కాళ్లకు నీళ్లు పోద్దామని చెంబుతో ముందుకు వెళ్లాను.

"ఆగు!" అని అరిచింది రాజవ్వ. "నువ్వు నీళ్లు పట్టుకొని దగ్గరికి రాకు! ఆ ప్రమిద కాల్చిందే గని, నీ మీద నమ్మకం లేదు!"

గల్లీ అంతా నవ్వింది. రాజవ్వ మళ్లీ సారె ముట్టలేదు. అందుకే ఆ చెంబు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ కుండ దాహమూ అడగకుండా తీర్చను.