తీసుకోకూడని దుంప

కొరియాలోని మొక్పో రేవు పక్క బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెప్పే ప్యో మ్యంగ్‌రాన్ టీచర్‌ది చిన్న చిన్నవాటికే మురిసిపోయే గుణం. ఉక్కపోతలో ఏ పిల్లాడైనా ఫ్యాను తన వైపు తిప్పితే చాలు, ఇంటికెళ్లి మొగుడికి చెప్పుకునేది. బడి వంటామె అన్నం గిన్నె అడుగున అంటిన మాడు తన కోసం గీకి దాచిందంటే ఆ పూటంతా పండగే. "నీకు లంచమివ్వాలంటే ఇంత మాడు చాలునే," అని ఆయన ఏడిపించేవాడు.

అలాంటి మనిషి సరిగ్గా ఉపాధ్యాయ దినోత్సవం నాడే తప్పు చేసింది.

ముందు రోజు మీటింగులో వైస్ ప్రిన్సిపాల్ గట్టిగా చెప్పాడు. "పిల్లల దగ్గర పువ్వు కాదు గదా, కాఫీ చుక్క కూడా ముట్టుకోవద్దు. టీచరు ఏం పుచ్చుకున్నా లంచం కిందే లెక్క, చట్టం ఒప్పుకోదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే నేను అడ్డం రాను." ఆ మాటలు చెవుల్లో ఉండగానే తెల్లారింది. దాన్‌బి అనే పిల్ల తువ్వాలులో ఏదో చుట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. బజార్లో ఎండుచేపలు అమ్మే ముసలావిడ మనవరాలు. మాట పెగలడమే అరుదు.

"పొద్దున ఏం తినకుండా వస్తారుగా టీచర్. చిలగడదుంప. నేనే ఉడకబెట్టా."

ఎప్పుడో పాఠం మధ్యలో కడుపు గుర్రుమంటే, పొద్దున ఏమీ తినలేదర్రా అని నవ్వులాటకి అన్న మాట అది. అన్న టీచరే మరిచిపోయింది.

అందరూ చూస్తున్నారు. ఎందుకైనా మంచిదని టీచర్ గొంతు పెంచింది. "ఇది చట్టానికి విరుద్ధం దాన్‌బీ. ఇంటికి పట్టుకుపో."

"ఒరేయ్, దాన్‌బి లంచం ఇచ్చిందిరా! పోలీసులొస్తారు!" అని వెనక బెంచీ అరిచింది. క్లాసంతా గొల్లుమంది. టీచర్ కూడా నవ్వేసింది.

మధ్యాహ్నం వంటామె ఎప్పటిలాగే మాడు తెచ్చిస్తే పక్కన పెట్టేసింది. దుంప పుచ్చుకోవద్దంది చట్టం. థాంక్స్ చెప్పొద్దని ఏ చట్టమూ అనలేదే! ఆ ఒక్క ముక్క తన నోటికి రాలేదు. పైగా పళ్లికిలించింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు దాన్‌బి బడికి రాలేదు. సాయంత్రం టీచర్ బజారుకి పరిగెత్తింది. ఆమెని చూస్తూనే ముసలావిడ దిగ్గున లేచి, చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, దండం పెడుతూ చేపల బుట్టల మీదికి వంగిపోయింది.

"తప్పయిపోయింది టీచరమ్మా. ముసల్దాన్ని, ఈ చట్టాలు నాకేం తెలుసు? దుంప కొన్నది నేనే. పిల్లనేమీ అనకండి. పోలీసులొస్తారని రాత్రంతా వణికింది, బడికి రానంటోంది."

"అయ్యో అవ్వా, పోలీసులేంటి! నేనెవరికీ చెప్పలేదు. తప్పంతా నాది. దాన్‌బికి థాంక్స్ చెప్దామనే..."

తక్కిన మాటలు ముసలావిడ చెవిన పడలేదు. లోపలికి తిరిగి కేకేసింది. "ఒసేయ్ దాన్‌బీ! టీచరమ్మ ఎవరికీ చెప్పలేదంట! దేవత! రా, వంగి దండం పెట్టు!"

ఎండుచేపల మూటల వెనక నుంచి పిల్ల బయటికి వచ్చింది. చేతులు పొట్టకి ఆనించుకుని నడుము దాకా వంగింది.

"నన్ను పట్టివ్వనందుకు థాంక్స్ టీచర్."

లేచేసరికి పిల్ల మొహం తేటపడింది. టీచర్ మాత్రం తలెత్తి ఆ మొహంలోకి చూడలేకపోయింది.