నులక మంచంలా బిగించిన ఊయల

ఆ రోజుల్లో మా దగ్గర ఏది తక్కువైనా అలసటకు మాత్రం లోటు ఉండేది కాదు. మేడ్చల్ దగ్గర ఒక మందుల కంపెనీలో, ప్యాకింగ్ విభాగంలో కొత్తగా చేరాను. వారమంతా నిలబడి డబ్బాలు పెట్టెల్లోకి, పెట్టెలు లారీల్లోకి పోతుంటే చూసి, షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికి చెప్పులు విప్పడం కూడా ఒక డ్యూటీలాగే అనిపించేది. అంతగా అలసిన మనిషి సెలవు రోజున ఏం చేయాలి? ఇంట్లో ముసుగుతన్ని పడుకోవాలి. నేనేమో వీపున ఇంత సంచి తగిలించుకుని గుట్టలెక్కేవాణ్ణి. ఎందుకని ఇప్పుడు ఎవరైనా అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. గుట్టెక్కాక కనబడేంత దూరం ఎక్కడా ఒక్క అట్టపెట్టె కూడా ఉండదు కదా, బహుశా అందుకే అయ్యుంటుంది.

మమ్మల్ని గుట్టలకు తీసుకుపోయేది మేజర్ అన్న. మా కంపెనీలోనే స్టోర్స్‌లో సీనియరు. మిలిటరీతో ఆయనకున్న సంబంధమల్లా ఒక ఆకుపచ్చ టోపీ, ఒక విజిలు. టెంట్లు, గాలి పరుపులు ఆయనకు గిట్టవు. "గుట్టకొచ్చినంక నేల మీద పండాలె తమ్మీ. పరుపు కావాల్నంటే ఇంట్లనే ఉండు" అనేవాడు. అని, అన్నంత పనీ చేసేవాడు. ఒక దుప్పటి పరిచి, టోపీ మొహం మీద వేసుకుని, అటు తిరిగేలోపే గురక పెట్టేవాడు. ఆ గురక విన్నప్పుడల్లా నాకు కడుపు మండేది.

ఎందుకంటే నేల నన్ను ఎప్పుడూ దగ్గరికి రానివ్వలేదు. కీసర వైపు గుట్టలు మీరు చూసే ఉంటారు. అక్కడ మట్టి తక్కువ, రాయి ఎక్కువ. చీకటి పడకముందే, పడుకునే చోట రాళ్లు ఏరుకోవడం మా అందరికీ అలవాటు. మిగతావాళ్లు నాలుగు ఏరి పడుకునేవాళ్లు. నేను మాత్రం కల్లంలో గింజలు ఏరినట్టు కూర్చుని ఏరేవాణ్ణి. అయినా సరిగ్గా నడుము కింద ఒకటి మిగిలేది. దాన్ని తవ్వి తీస్తే దాని కింద ఇంకొకటి ఉండేది. తెల్లవారేసరికి ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని లాగితే తప్ప లేచేవాణ్ణి కాదు. లేస్తూ "అమ్మా" అని నేను పెట్టే కేకే మా వాళ్లకు అలారం. అలా నా అసలు పేరు పోయి "నడుము" అనే పేరు స్థిరపడింది. "నడుము లేచిందా? ఇగ చాయ్ పెట్టుండ్రి" అనుకునేవాళ్లు. (కంపెనీ క్యాంటీన్‌లో కూడా అదే పేరు. అక్కడ ఎలా తెలిసిందో నాకు తెలుసు, మేజర్ అన్నకూ తెలుసు.)

నవ్వులాటగా ఉన్నంతకాలం బాగానే ఉంది. ఆ ఏడాది మేజర్ అన్న పడమటి కనుమల్లో వారం రోజుల నడక పెట్టాడు. అడవిలో నడుస్తూ, అడవిలోనే పడుకుంటూ వారం రోజులు! నేను సెలవు కోసం సూపర్‌వైజర్ వెనక తిరిగి తిరిగి ఒప్పించుకున్నాను. డబ్బాలు చూస్తున్నంతసేపూ నా కళ్లకు ఆ అడవే కనబడేది. తీరా ఒకరోజు క్యాంటీన్‌లో ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "తమ్మీ, ఏమనుకోకు. రోజు పొద్దుగాల నిన్ను లేపనీకె ఇద్దరు మనుషులు గావాలె. అడివిల గట్ల నడువది. ఈసారికి నువ్వుండు" అన్నాడు. ఆయన గొంతులో వెటకారం లేదు, నాకు అదే ఎక్కువ బాధనిపించింది. ఆ కాలంలో నేను ఎదురుచూసే సంగతి ఆ అడవి నడక ఒక్కటే. "ఒక్క పరీక్ష పెట్టన్నా" అని బతిమాలాను. వచ్చే శనివారం రాత్రి శామీర్‌పేట దగ్గర పడుకుందామని, తెల్లారి నా అంతట నేను లేచి, వంగి బూట్ల లేసులు కట్టుకుంటే తీసుకెళ్తానని మాటిచ్చాడు.

అంతకుముందే ఫోన్‌లో ఒక ఫొటో చూసి ఉన్నాను. రెండు చెట్ల మధ్య గుడ్డ ఊయల, అందులో ఒక తెల్లాయన, పొట్ట మీద పుస్తకం. ఆయన మొహం చూస్తే ఆయనకు నడుమనే భాగమే లేనట్టుంది. వెంటనే తెప్పించాను. పిడికిలంత సంచిలో వచ్చింది. వాకిట్లో జామచెట్టుకూ, వసారా గుంజకూ కడుతుంటే అమ్మ బయటికొచ్చి చూసింది. "తొట్టెల్ల పండనీకి నువ్వేమన్న పసిపోరనివారా?" అంది. ఆ మాత్రంతో పోయేదే. గోడ అవతలి నుంచి పక్కింటావిడ తొంగి చూసి, "ఏమక్కా, కోడలు ఇంక రానేలేదు, తొట్టెలైతే కట్టిన్రు?" అంది. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడకపోయినా ఊరుకోలేదు. మా ఇళ్లలో ఉత్త తొట్టెల ఊగకూడదంటారు. ఇదేమో గాలికి ఊరికే ఊగుతోంది. అమ్మ కాసేపు చూసి, లోపలికి వెళ్లి, ఒక గుమ్మడికాయ తెచ్చి అందులో పడుకోబెట్టింది. ఆ గుమ్మడికాయ మాత్రం సాయంత్రం దాకా అందులో హాయిగా, కదలకుండా పడుకుంది. దాన్ని చూసి నేర్చుకోవాల్సింది ఎంతో ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

సాయంత్రం నాయిన వచ్చాడు. నాయినకు పడక అంటే నులక మంచం, నులక మంచం అంటే బిగువు. నెలకోసారి మంచం పట్టెకు కాలు తన్నిపెట్టి, కాళ్ల వైపు తాడు వరుసగా లాగి బిగించి, వేలితో మీటి చూసేవాడు. ఠంగుమంటే ఆ రోజుకు ఆయన మొహం వెలిగిపోయేది. ఎవరింట్లోనైనా మంచం కుంగి కనబడితే ఆ ఇంటి మగవాడి మీద ఆయనకు గౌరవం తగ్గేది. అటువంటి మనిషి కంట్లో నా ఊయల పడింది. గుమ్మడికాయ బరువుకు అది అరటిపండులా వంగి వేలాడుతోంది. "ఏందిరా ఇది? గిట్ల వదులుంటె నడుము నొయ్యదా?" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. పుట్టినప్పటి నుంచీ చూసినదే కదా!

గుమ్మడికాయను దించి, ఇద్దరం కలిసి బిగించాం. నాయిన జామచెట్టుకు మోకాలు ఆనించి లాగాడు. గుడ్డ బల్లలా సమంగా అయ్యింది. వేలితో మీటాడు. మోగింది. "ఇగ పండు" అన్నాడు. పడుకున్నాను. ఒకవైపు కొద్దిగా ఒరిగానో లేదో, ఊయల గిర్రున తిరిగి నన్ను వాకిట్లో బోర్లా వేసింది. "ఇంక వదులున్నది, గందుకే తిరగవడ్డది" అని తేల్చాడు నాయిన. ఇంకా బిగించాం. ఇంకా తొందరగా పడ్డాను. పడినకొద్దీ బిగించాం, బిగించినకొద్దీ పడ్డాను. చివరికి జామచెట్టు ఇంటివైపు వంగడం మొదలుపెట్టాక, అమ్మ మౌనం వదిలేసి బయటికొచ్చింది. ఏం మాట్లాడిందో ఇక్కడ రాయను.

శనివారం శామీర్‌పేట వెళ్లాం. మా బృందంలో భాయ్ అని ఒకడుండేవాడు. వాళ్లది ఆ పక్కనే వ్యవసాయం చేసుకునే కుటుంబం, పొలం గట్టున నీలగిరి చెట్లుండేవి. పొద్దు గుంకకముందే అందరూ దుప్పట్లు పరుచుకున్నారు. నేను నాయిన విద్య ప్రదర్శించాను. చెట్టుకు మోకాలు ఆనించి, పళ్లు బిగించి లాగి కట్టి, మీటాను. మోగింది. భాయ్ వచ్చి చూసి, "అరే యార్, దీని మీద పంటవా, బట్టలారేస్తవా?" అన్నాడు. వినిపించుకోలేదు. ఎక్కి పడుకున్నాను. మేజర్ అన్న కళ్లముందే, టోపీ తీసి తిరిగి పెట్టుకునేంతలో, నేల మీదున్నాను.

ఆయన దగ్గరికొచ్చి వంగి నా మొహంలోకి చూశాడు. "తమ్మీ, ఒక్క మాట అడుగుత. నేల మీదికెల్లి ఎవడన్న కిందవడ్డడా ఇంతవరకు?" అన్నాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానే గాని, లోపల ఏడుపొచ్చింది. అడవి పోయింది, వారం సెలవు ఉత్తదైంది, మళ్లీ డబ్బాలే. నడుము కంటే ఎక్కువగా అది నొప్పి పెట్టింది. ఇంక ఎవరితోనూ మాట్లాడకుండా, రెండు అంచులూ గట్టిగా పట్టుకుని, గాజు సామాను ఎక్కించినట్టు నన్ను నేనే మళ్లీ ఎక్కించుకున్నాను. భాయ్‌కి జాలేసిందేమో, "కిందికెల్లి సల్లగైతది, ఇది ఏస్కో" అని వాళ్ల తాత గొంగడి తెచ్చి నా వీపు కింద దోపాడు.

అప్పుడు మొదలైంది ముడి జారడం. అంత బిగువును నేను వేసిన ముడి ఎంతసేపని భరిస్తుంది? కొద్దికొద్దిగా జారుతోంది, నేను కొద్దికొద్దిగా కుంగుతున్నాను. బిగువంతా పోయి, నాయిన చూస్తే తల వంచుకునేటంత వదులుగా, నేలకు జానెడు ఎత్తున ఆగింది. లేచి మళ్లీ బిగించాలని బుద్ధి చెబుతూనే ఉంది. ఒంట్లో ఆ ఓపిక లేదు. వారం రోజుల షిఫ్టులు, గుట్టలు, జామచెట్టు, అన్నీ కలిసి నన్ను అక్కడే ఉంచేశాయి. కాళ్లు ఒక మూలకు, తల దాని ఎదురు మూలకు వాలిపోయాయి. వీపు తిన్నగా ఆనింది. ఎక్కడా రాయి లేదు. ఉందేమోనని నడుము కాసేపు వెతుక్కుంది కూడా. తరవాత నాకేం తెలియదు.

కళ్లు తెరిచేసరికి ఎండ చుర్రుమంటోంది. చుట్టూ అందరూ సంచులు సర్దుకుని నిలబడి ఉన్నారు. (మేజర్ అన్న నా చెవి దగ్గర విజిలు ఊదాడట. బతికే ఉన్నానా అని భాయ్ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడట.) కాళ్లు కింద పెట్టాను. లేచాను. వంగి బూట్ల లేసులు కట్టుకున్నాను. అంతా కట్టుకున్నాక గాని "అమ్మా" అనలేదన్న సంగతి నాకే గుర్తుకు రాలేదు. మేజర్ అన్న నా లేసులు చూసి, "నడుమేదిరా?" అన్నాడు. "ఉన్నదన్నా, సప్పుడు చేస్తలేదు" అన్నాను. ఆయన మాట తప్పే మనిషి కాదు. నేను పడమటి కనుమలకు వెళ్లాను. వారమంతా రెండు చెట్ల మధ్య వదులుగా వేలాడుతూ నిద్రపోయాను. (అక్కడి తడి నేల మీద పడుకున్న మేజర్ అన్నను జలగలు ఎక్కడెక్కడ పట్టాయో ఆయన మర్యాద కోసం రాయడం లేదు.) నాయినకు మాత్రం ముడి జారిన సంగతి చెప్పలేదు. నా నడుము బాగుపడింది తన బిగింపు వల్లేనని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు, చెప్పుకోనిచ్చాను.

మొన్నామధ్య మేజర్ అన్న ఫోన్ చేశాడు. రిటైరయ్యాడు, వెన్నులో ఏదో అరిగిందట, నిద్ర లేదట. కాసేపు మాట అటూ ఇటూ తిప్పి, "తమ్మీ, గా తొట్టెల ఇంక ఉన్నదా?" అన్నాడు. ఉందన్నాను. భాయ్ వాళ్ల పొలం ఇప్పుడు ప్లాట్లు. గట్టున నీలగిరి చెట్లు మాత్రం, ఎవరూ కొట్టించని కొన్ని, అలాగే ఉన్నాయి. ఆ ఆదివారమే మధ్యాహ్నం ఇద్దరం భోజనం చేసి ఆ నీడకు చేరాం. నేను ఊయల కట్టాను. ఆయన చూసి, "గింత వదులా? జర బిగియ్యి" అన్నాడు. "వద్దన్నా" అన్నాను. చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఎక్కేటప్పుడు "అమ్మా" అన్నాడు. ఒకప్పుడు ఆ కేక నాది. విన్నాక నవ్వలేకపోయాను.

ఊయల ఒకటే ఉంది కాబట్టి నేను కింద పడుకున్నాను. ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది, ఇంట్లో ఖరీదైన పరుపుంది, దాని మీద ఏ తెల్లవారుజామునో గాని కన్నంటుకోదు. నడుము కింద రాయి తగిలింది. తీశాను. దాని కింద ఇంకొకటి ఉంది. దాన్ని తీయలేదు. అడవి కోసం ఏడుపు దిగమింగిన ఆ కుర్రాడిని అక్కడే ఎక్కడో వదిలేసి వెళ్లానేమో, వాడు పక్కనే ఉన్నట్టనిపించింది. పైనుంచి మేజర్ అన్న నిద్రమత్తులో, "తమ్మీ, కింద ఎట్లున్నది?" అన్నాడు.

"మంచిగున్నదన్నా. ఇక్కడికెల్లి ఎవ్వరు కిందవడరు" అన్నాను.

గురక మొదలైంది. ఈసారి నాకు కడుపు మండలేదు.