పద్నాలుగు జతల చెప్పులు

ఈ ఆదివారం మదనపల్లెలో మా ముందు గదిలో ఉన్నవాళ్లు: నాయన, పుంగనూరు వకీలు రెడ్డెప్ప, కుప్పం నుంచి వచ్చిన టైలర్ దస్తగిరి మామ, నేను. ఉన్నవి: నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక రేకు బీరువా, ఉడకబెట్టిన శెనక్కాయల గిన్నె. ఆ తడిమన్నూ ఉప్పూ కలిసిన వాసన తగిలితే నాకు నాలుగో తరగతి నాటి మీటింగులు గుర్తొస్తాయి.

అప్పుడు నాయన హక్కుల సంఘం కార్యదర్శి. నెలకో ఆదివారం, టమోటా లారీల రొద తగ్గిన మధ్యాహ్నం, సోమల నుంచీ కలకడ నుంచీ బస్సులు దిగి వచ్చినవాళ్లు వాకిట్లో చెప్పులు విడిచి, అమ్మ పెట్టిన సంగటీ ఊరుబిండీ తిని, చాపల మీద కూర్చుని, లాకప్పులో చనిపోయిన ఒక కూలీ గురించి సాక్షుల మాటలు రాసుకునేవాళ్లు. ఎదురు టీ బంకులో మఫ్తీలో కూర్చున్న కానిస్టేబుల్ ఆ చెప్పులు లెక్కపెట్టేవాడు. లోపల ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికి అతనికి అది చాలు.

పాలు పోసే మనిషి మారినా మాకు అనుమానమే. "ఈడ నిలిచే కొత్త బండ్ల నంబర్లు రాసిపెట్టప్పా," అని నాయన నాకు ఒక నోటుబుక్కు ఇచ్చాడు. ఎడమ పేజీలో నంబర్లు రాశాను. కుడి పేజీలో, ఎవరూ చెప్పకుండానే, వచ్చిన వరుసలో చెప్పులు రాశాను: ఎవరివి, ఏ రంగు, ఏ పట్టీ తెగింది. మొత్తం పద్నాలుగు జతలు. దస్తగిరి మామవి లేవు. అప్పట్లో ఆయన కొట్టు మా గోడ పక్కనే. మిషను తొక్కడం ఆపి వట్టి కాళ్లతో వచ్చేసేవాడు.

తర్వాతి నెల ఇల్లు సోదా చేశారు. ఎస్సై నోటుబుక్కు తిరగేసి, "బాగ రాసినావే," అని నా తల నిమిరి, దాన్నీ కాగితాల మూటలో వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే, నాకు గర్వంగా అనిపించింది.

వారం తిరక్కుండా స్టేషనుకు పిలుపులు మొదలయ్యాయి. మొదట టైరు చెప్పుల మునెప్ప, తర్వాత నీలం హవాయి చెప్పుల బడి అయ్యవారు, మూడోవాడు రెడ్డెప్ప. అది నా నోటుబుక్కులోని వరుస. పొద్దున కూర్చోబెట్టి పొద్దుగూకాక పంపేవాళ్లు. ఒక్కొక్కరుగా మీటింగులకు రావడం మానుకున్నారు.

"పేర్లిచ్చినోడు మనలోనే ఉండాడు," అన్నాడు రెడ్డెప్ప. "అందర్నీ పిలిచి దస్తగిరిని యాల పిలవలేదు?"

పక్కన నేను శెనక్కాయలు ఒలుస్తూనే ఉన్నాను. ఆ తర్వాత దస్తగిరి మామ గడపలోకి రాగానే మాటలు వాన మీదికి మళ్లేవి. కొన్నాళ్లు చూసి, మిషను ఆటోకెక్కించి కుప్పం వెళ్లిపోయాడు.

పోయిన నెల కుప్పం వెళ్లి ఆ నోటుబుక్కు సంగతి ఆయనకు చెప్పాను. పంటితో దారం తెంపి, "నాకూ సెప్పులుండాయి గదప్పా, అడిగింటే సూపిస్తా ఉంటి," అని నవ్వాడు. నవ్వు ఆపి, "మీ నాయనకి తెలుసునా?" అన్నాడు.

"తెలీదు మామా."

"అయితే ఆయప్ప ముందర సెప్పు."

ఈరోజు చెప్పాను. నాయన శెనక్కాయల గిన్నె దస్తగిరి మామ ముందుకు జరిపాడు. రెడ్డెప్ప తల దించుకుని, "ఇరవై ఏండ్లు నిన్ను..." అని ఆగిపోయాడు.

"తినప్పా, సల్లగైపోతాయి," అన్నాడు దస్తగిరి మామ.

ఇప్పుడు చాపలు లేవు, టీ బంకు లేదు, చెప్పులు లెక్కపెట్టే మనిషీ లేడు. కరెంటు స్తంభం మీద మా వాకిలి వైపు తిప్పిన కెమెరా ఉంది. ఎవరు పెట్టారని అడిగితే మునిసిపాలిటీ వాళ్లు పోలీసులంటారు, పోలీసులు మునిసిపాలిటీ అంటారు. సోమల నుంచి ఎవరూ రాలేదు. కలకడ నుంచి ఎవరూ రాలేదు.

వాకిట్లో చెప్పులు రెండు జతలు: రెడ్డెప్పవి, దస్తగిరి మామవి.