కూలీ నోట చెప్పించిన పెద్దబాపు

మొన్న ఆదివారం పొద్దున బోధన్ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, పెద్దబాపు పోయిండు. చాయ్ తాగుకుంట, నవ్వుకుంటనే పోయిండు" అంది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. కాసేపటికి ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన్ని తలచుకుంటే ఎవరికైనా అంతే.

మాకు రక్తసంబంధమేమీ లేదు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒకే గోడ, అంతే. చెరుకు కొట్టే కూలీల ముఠాలను పొలాలకు పంపడం ఆయన పని. ఎవరినీ ఊరికే కదలనిచ్చేవాడు కాదు. "నేనేం జెప్పిన? మల్ల జెప్పు" అని వాళ్ల నోటితో అనిపించాకే పంపేవాడు. "మనం జెప్పుడు వేరు, వాల్లకు ఎక్కుడు వేరు" అనేవాడు. ఇంట్లోనూ అదే వరస. పెద్దమ్మకు వంకాయ కూర వండమని చెప్పినా తిరిగి చెప్పమనేవాడు. "నేనేమన్న నీ ముఠానా?" అని ఆమె గరిటె చూపించేది.

నా ఎంసీఏ ఆఖరి ఏడాది ప్రాజెక్టు క్లస్టర్ మీద. ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి, కొన్ని కంప్యూటర్లకు పంచి, జవాబులను మళ్లీ ఒకచోట చేర్చే ఏర్పాటది. నాకు దొరికినవి రెండే: నాదొకటి, స్నేహితురాలిదొకటి. కేబుల్‌తో కలిపి సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. మొదటిది పని పంచడానికి సిద్ధంగా ఉంది, రెండోది మాత్రం రానని మొండికేసింది. సోమవారం నిజామాబాద్ కాలేజీలో ఎగ్జామినర్ ముందు నడిపి చూపించకపోతే ఏడాది పోతుంది. మూడు రోజుల్లో నాలుగుసార్లు సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ ఎక్కించాను, కేబుల్ కూడా మార్చాను. శనివారం మధ్యాహ్నం తల పట్టుకుని కూర్చుంటే పెద్దబాపు వచ్చాడు.

"ఏంది బిడ్డా, అన్నం గూడ తింటలేవట?"

కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాని మనిషికి నా గోడంతా వెళ్లబోసుకున్నాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఇది మేస్త్రి, గది కూలి. మేస్త్రి యాడున్నడో ఎర్కేనా అని గా కూలిని అడిగినవా?"

"అదేమన్న మనిషా పెద్దబాపూ, అడగనీకి?"

"అడుగు. దాని నోటితోని జెప్పియ్యి."

విసుక్కుంటూనే రెండోదాంట్లో మొదటిదాని పేరు కొట్టి, అడ్రసు చూపించమన్నాను. జవాబు చూసి నోరు తెరిచాను. ఆ అడ్రసుకు అర్థం 'ఇక్కడే, నాలోనే' అని! పేర్లూ అడ్రసులూ ఉండే ఫైలును మళ్లీ టైపు చేయడానికి బద్ధకించి, మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి ఉన్నదున్నట్టు కాపీ చేశాను. అందులో మొదటిదాని పేరు పక్కన 'నేనే' అన్నట్టు ఉంది. మొదటిదాని వరకు అది నిజమే. రెండోది మాత్రం, పాపం, మేస్త్రిని తనలోనే వెతుక్కుంటోంది.

సంగతి చెప్పగానే పెద్దబాపు నేల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "ఎవలికి వాల్లె మేస్త్రిలైతె చెరుకెవలు గొడ్తరే!"

రెండింటిలోనూ ఆ ఒక్క లైనులో మొదటిదాని అసలు అడ్రసు పెట్టాను. రెండోది బుద్ధిగా పనిలోకి వచ్చింది. నేను గంతులేస్తుంటే ఆయన కూర్చున్నచోటే చప్పట్లు కొట్టాడు.

సోమవారం సామాను మోయడానికి తనే బయల్దేరాడు. బస్సు కుదుపులకు పగులుతుందని మానిటర్‌ను నిజామాబాద్ దాకా ఒళ్లోంచి దించలేదు. కాలేజీలో లెక్క చక్కగా నడిచింది. ఎగ్జామినర్ బయటికి రాగానే పెద్దబాపు ఎదురెళ్లి, "సార్, మా బిడ్డ పాసైందా?" అన్నాడు. ఆయన నవ్వి తలూపాడు. "గట్ల గాదు సార్, నోటితోని జెప్పుండ్రి." ఆ పెద్దమనిషి, పాపం, చెప్పాడు కూడా.

తిరుగు బస్సులో పెద్దబాపు మానిటర్‌ను రెండు చేతులా కావలించుకుని, దాని అద్దానికి చెంప ఆనించి నిద్రపోయాడు. ఆయన ఉండబట్టే నా ఏడాది నాకు మిగిలింది. ఇంటికొచ్చి చూస్తే అద్దం మీద దుమ్ములో ఆయన చెంప అచ్చు, మీసంతో సహా. చాలా రోజులు నేను దాన్ని తుడవలేదు.