రిపోర్టు కోసం ఒక్కపొద్దు

మా లక్సెట్టిపేట నుంచి కరీంనగర్ వెళ్ళే బస్సుల్లో కిటికీ అద్దాలు ఎండాకాలం తెరుచుకోవు, వానాకాలం మూసుకోవు. ఈ విషయంలో వాటికి గట్టి క్రమశిక్షణ ఉంది. తొంభైల్లో ఒక వానాకాలం, లోపలికి కొట్టే జల్లును కొంగుతో ఆపుకుంటూ మా చెల్లె డాక్టరు దగ్గరికి బయలుదేరింది. పక్కన మమ్మల్ని కన్న అవ్వ, వెనక సీట్లో నేను.

చెల్లెకు షుగరు బయటపడి ఏడాదైంది. గోలీలు మింగుతూనే ఉంది, చిక్కిపోతూనే ఉంది. ఇంకో జొన్నరొట్టెకు చెయ్యి చాపితే అవ్వ గిన్నె జరిపేసేది. "గింత తింటే షుగరెట్ల దిగుతది? జర నోరు కట్టుకోవాలె బిడ్డా." నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. ఇంట్లో నా శాస్త్రాన్ని ఫ్యూజు పోయినప్పుడు మాత్రం గౌరవించేవారు.

డాక్టరు చెల్లెను పరీక్షగా చూశాడు. "గిది పెద్దోళ్ళకచ్చే షుగరు కాదనిపిస్తుంది. ఒళ్ళే తన క్లోమాన్ని పగోడనుకొని కొడుతున్నట్టుంది. అట్లయితే రక్తంల యాంటీబాడీలుంటయి. హైదరాబాద్‌ల పరీక్ష చేస్తరు. ఉంటే ఇగ గోలీలతోని కాదు, జిందగీ మొత్తం ఇన్సులినే. నన్నడిగితే సూది ఇయ్యాల్నే మొదలుపెట్టాలె."

"రిపోర్టు రానియ్యిండ్రి సారూ," అంది అవ్వ. సూది ఒకసారి పట్టుకుంటే ఇక విడవదని ఆమె భయం.

రక్తం ఐసు పెట్టిన ఫ్లాస్కులో హైదరాబాద్ వెళ్ళింది. రిపోర్టు మంచిగా రావాలని అవ్వ చెల్లెతో సోమవారాలు ఒక్కపొద్దు పట్టించింది. ఆలస్యమయ్యేసరికి శనివారాలు కూడా కలిపింది. తీసిన రక్తం ఇక్కడి ఉపవాసానికి మారదని చెప్పి చూశాను.

"దేవునికి హైదరాబాద్ దూరమారా?" అంది.

ఒక శనివారం మధ్యాహ్నం చెల్లె వాంతి చేసుకుని గడపలోనే కూలబడింది. ఆయాసపడుతోంది. ఊపిరిలో మగ్గిన పండు వాసన. జీపులో కరీంనగర్ తీసుకెళ్ళాం. సెలైనుతో పాటు, ఎవరినీ అడక్కుండా, ఇన్సులిన్ ఎక్కించారు. చెల్లె కళ్ళు తెరిచి మనుషుల్ని గుర్తుపట్టేదాకా అవ్వ నీళ్ళు కూడా ముట్టలేదు.

చెల్లె ఆస్పత్రిలో ఉండగానే రిపోర్టు వచ్చింది.

"ఉన్నయి," అన్నాడు డాక్టరు. "మస్తుగున్నయి."

"ఏం తిన్నందుకచ్చింది సారూ?"

"తిన్నందుకు రాలేదవ్వా. ఉపాసముంటే పోయేది గాదు."

అవ్వకు చదువు రాదు. అయినా ఆ కాగితం తీసుకుని రెండువైపులా తిప్పి చూసింది. మంచం మీద నుంచి చెల్లె ఆమె వైపు తల తిప్పింది.

"ఆకలైతుందంటే ఏడాది పొడుగు నన్ను తిండిపోతన్నవ్ గదనే అవ్వా."