బూడిద పడిన చుక్క

వెంకటగిరియప్ప చేతికి వణుకు తెలియదు. బెంగళూరు కబ్బన్‌పేటలో నాలుగు తరాలు పట్టు నేసిన ఇల్లు వాళ్లది. మగ్గాలు ఒక్కొక్కటే మూలపడ్డాక ఆయన ఆ ఊళ్లోనే ఒక పరిశోధనశాలలో అటెండరుగా చేరాడు. చేరి ఇరవై ఆరేళ్లయింది. అక్కడ స్ఫటికాలు పెంచుతారు. రోగాలు తెచ్చే సూక్ష్మజీవుల్లోని ప్రోటీన్లను గాజు బిళ్లల మీద చుక్కలుగా వేసి, వాటినే ట్రేలోని గుంటల మీద మూతలుగా బోర్లించి, చల్లటి గదిలో వదిలేస్తారు. అదృష్టం బాగుంటే చుక్కలో కలకండ పలుకులాంటిది పుడుతుంది. దాన్ని కంటికి ఆనని నైలాన్ ఉచ్చుతో పైకి తీయాలి. ఆ పని దగ్గర పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ల చేతులే తడబడేవి. "గిరియప్పను పిలవండి" అనేవారు. అలా పిలిపించుకోవడం ఆయనకు మహా ఇష్టం. లేదని అబద్ధమెందుకు?

ఆ ఉచ్చులు పేనేది కూడా ఆయనే. నేతవాళ్లు తెగిన పోగు అతికేటప్పుడు వేళ్లకు చిటికెడు బూడిద అద్దుకుంటారు, పోగు జారకుండా. ఆయన జేబులో చిన్న డబ్బీలో ఆ బూడిద ఎప్పుడూ ఉండేది. ల్యాబులో బూడిదేమిటని ఎవరూ అడగలేదు. ఆయన ఎవరికీ చూపిస్తేగా!

ఫిబ్రవరిలో ఒక పొద్దున గ్లవ్సు తీసేసి ఉచ్చులు పేనుతూ కూర్చున్నాడు. ఒంగోలు నుంచి వచ్చిన కిరణ్మయి అనే పిల్ల ఐదేళ్లుగా క్షయ సూక్ష్మజీవి ప్రోటీన్ ఒకదానితో కుస్తీ పడుతోంది. జులైతో ఆమె ఫెలోషిప్పు అయిపోతుంది. ఆమె తలుపు దగ్గర నుంచే అడిగింది. "అంకుల్, నా ట్రేలో మూతలు కాస్త సరిచేస్తారా?" ఆయన ఆ చేతులతోనే వెళ్లి సరిచేశాడు. నాలుగో చుక్కలో తెల్లటి నలుసు పడింది. చూశాడు. చూడనట్టే మూత బిగించాడు.

మూడు వారాలకు సరిగ్గా ఆ చుక్కలోనే స్ఫటికం పుట్టింది. కిరణ్మయి ల్యాబంతా మైసూర్‌పాక్ పంచింది.

ఆ రోజు నుంచి వెంకటగిరియప్ప అందరికంటే ముందే వచ్చి చల్లగదిలో దూరేవాడు. మైక్రోస్కోపుకు కన్ను ఆనిస్తే చాలు, కబ్బన్‌పేట ఆటోల రొద, మోకాళ్ల నొప్పి, అన్నీ ఎటో పోయేవి. చుక్క మధ్యలో అది నిశ్శబ్దంగా పెరుగుతుండేది. మైక్రోస్కోపు కింది పళ్లెం కొద్దిగా తిప్పితే నీలం, ఇంకొంచెం తిప్పితే పసుపు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నాన్న నేసిన చీరలు వెలుతురులో అలాగే మారేవి. తాను కళ్లు తెరిచి ఉండగానే కల కంటున్నానేమో అనిపించేది. కానీ మైక్రోస్కోపు నుంచి తలెత్తగానే గుండె బరువెక్కేది. అది ప్రోటీన్ కాక తన బూడిద వల్ల పుట్టిన ఉప్పే అయితే?

తేల్చాల్సింది ఎక్స్‌రే. స్ఫటికంలోంచి ఆ కిరణాలు దూరి అవతల మచ్చలు వేస్తాయి. ఆ మచ్చలనుబట్టి ప్రోటీన్ ఆకారం లెక్కగడితే, మందు దానిలో ఎక్కడ ఇమడాలో తెలుస్తుంది. ల్యాబులోని చిన్న యంత్రం మరమ్మతులో ఉంది. ఇక దిక్కు ఫ్రాన్సులోని సింక్రోట్రాన్. మైదానమంత గుండ్రటి దారిలో ఎలక్ట్రాన్లు పరుగెడుతూ మలుపుల్లో చిమ్మే వెలుగు అది. దాని ముందు ఇక్కడి యంత్రం గుడ్డిదీపం. కిరణ్మయికి దొరికింది రెండే గంటలు. రెండూ ఆ ఒక్క స్ఫటికానికే అనుకుంది.

ఇంట్లో సొన్నమ్మ కంచంలో మిగిలిన ముద్దను చూసి, "నీకేమాయె?" అని అడిగింది. పెళ్లానికే చెప్పలేకపోయాడు.

స్ఫటికాన్ని ద్రవ నత్రజనిలో ముంచి పంపాల్సిన రోజు ఇక ఆగలేకపోయాడు.

"కిరణమ్మా, ఒక మాట చెప్పల్ల. నీ చుక్కలో నా బూడిద ఉండాది."

"బూడిదేంటి అంకుల్?"

డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. "పోగు పేనేటప్పుడు అద్దుకుంటా. మా నాయన నేర్పిచ్చిన అలవాటు. ఆ పొద్దు చెయ్యి కడక్కుండా నీ మూత తీసినా. నలుసు పడింది సూసినా. నువ్వు అందరికీ స్వీటు పంచితివి, ఇంక నోరు రాలే. తప్పయిపాయ."

"బూడిదలో కాల్షియం, చుక్కలో ఫాస్ఫేట్," అని తనలో తాను అనుకుంటున్నట్టు అంది కిరణ్మయి. "రెండూ కలిసి పుట్టిన ఉప్పు కావచ్చు. కాకపోనూ వచ్చు." అంతే, బయటికి వెళ్లిపోయింది. నాలుగు మాటలు తిట్టిపోయినా ఆయనకు ఇంతకంటే నయంగా ఉండేది.

అరగంటకు ఎర్రబడ్డ కళ్లతో, ఇంకో ట్రేతో తిరిగివచ్చింది. "తొమ్మిదో చుక్కలో సూదుల్లాంటివి ఉన్నాయి. వెంట్రుకకంటే సన్నం. యూజ్ లేదని వదిలేశాను. ఆ సింక్రోట్రాన్ వెలుగుకైతే సరిపోవచ్చు. తీయగలరా?"

ఆయన మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. గ్లవ్సు తొడుక్కుని, బూడిద లేకుండా మామూలుకన్నా చిన్న ఉచ్చు పేనడానికి కూర్చున్నాడు. నాలుగుసార్లు జారింది. ఐదోసారి నిలిచింది. సాయంత్రానికి ఆరు సూదులు తీశాడు. నాలుగో చుక్కలోని పెద్ద స్ఫటికాన్నీ తీసి వాటితో పాటే పెట్టాడు.

రెండు వారాల తర్వాత, ఒక మధ్యాహ్నం, ఫ్రాన్సు నుంచి వచ్చే బొమ్మల కోసం ఇద్దరూ ల్యాబులో తెర ముందు కూర్చున్నారు. మొదట పెద్దది. పట్టుమని పది మచ్చలు కూడా లేవు, ఉన్నవీ లావుగా, దూరదూరంగా. ఇరవై ఆరేళ్ల సర్వీసు ఆయనది, ఒకరు చెప్పక్కర్లేదు. ఉప్పు. సిగ్గుతో తల దించుకున్నాడు.

తర్వాత సూదులు. మొదటిది ఖాళీ. రెండోదీ అంతే. మూడోదానికి తెర అంచుల దాకా సన్నటి మచ్చలు, వరసలు వరసలుగా, వేలకొద్దీ.

కిరణ్మయి లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. "ప్రోటీన్," అంది. "మీరు చెప్పకపోయుంటే ఈ రెండు గంటలూ ఉప్పు మీదే ధారపోసేదాన్ని అంకుల్."

ఆయనకు ఏడుపొచ్చింది. నలభై రోజుల బరువు దిగిపోయింది. అయినా చూపు మాత్రం తెర మూలనున్న మొదటి బొమ్మ మీదికే పోతోంది.

"ఆ పెద్దది వాపసు వస్తుందా?"

"రాదు, పారేస్తారు. ఉప్పే కదా. ఎందుకు?"

"నాది కదమ్మా," అన్నాడు వెంకటగిరియప్ప.

కిరణ్మయి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఆ స్ఫటికాన్ని పారేయవద్దని అక్కడివాళ్లకు మెయిల్ రాయడం మొదలుపెట్టింది.